తాగని నీళ్ళు

మోచేయి పైదాకా చెయ్యి ముంచి, కొబ్బరి పీచుతో అద్దం లోపలి పాచిని కింది నుంచి పైకి రుద్దుతోంది మార్త. ఊడిన పాచి పొగలా లేచిన చోటికల్లా నీలం చేప వచ్చి, మూతి ముందుకు చాచి అందినకాడికి అందుకుంటోంది. అలా అందుకుంటూ ఆమె ముంజేతి మీది నూగును కూడా ఒకసారి కొరికి చూసింది. మార్త చెయ్యి కదపకుండా ఆపి, "నేను పాశి గాదు పటేలా," అంది.

ఆ పేరు ఆమె పెట్టిందే. అరచెయ్యంత ఉంటుంది చేప. పలకలా పల్చని ఒళ్ళు, గోడకు సున్నంలో కలిపి వేసే నీలిమందు రంగు, వీపు పొడుగునా పసుపుపచ్చ రెక్క, నల్లటి మొహం, గొంతు కింద తెల్లటి పట్టీ. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరికి అది తిరిగే తీరు చూస్తే, చేతులు వెనక్కి కట్టుకుని కల్లాల దగ్గర పచార్లు చేసే ఊరి పటేలు గుర్తుకొచ్చేవాడు ఆమెకు. తోక మొదట్లో రెండు వైపులా ముల్లులాంటి కత్తి ఒకటి మడిచి పెట్టుకుని ఉంటుంది. మామూలుగా కనిపించదు. కోపం వచ్చినప్పుడే బయటపడుతుంది. కొత్తలో మార్త బొటనవేలి మొదలు తెగింది దానితోనే.

తాండూరు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఇల్లు బండల వ్యాపారి మల్లప్పది. తొట్టికి అడుగూ, మూడు పక్కలూ ఆయన గనిలో తీసిన బండలే. వాటిని నున్నగా గీకించి, ముందు వైపు మాత్రం మందపాటి అద్దం పెట్టించాడు. బొంబాయిలో ఉండే తమ్ముడు సముద్రం నీళ్ళను టిన్నుల్లో పోయించి, మెయిలు బండి గార్డుకు అప్పజెప్పి పంపుతాడు. అవి తక్కువైతే బావినీళ్ళలో రాళ్ళుప్పు కలిపి పోస్తారు. సముద్రాన్ని ఇంటికి తెప్పించుకున్న మనిషని ఊళ్ళో మల్లప్పకు పేరు. బండలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ముందు తొట్టి చూసి, ఆ తర్వాతే బండలు చూసేవారు.

మెడలో లింగం కట్టుకునే ఇల్లది. గుడ్డు పేరెత్తితేనే నోరు పుక్కిలించుకునే నాగవ్వ, మల్లప్ప భార్య, మొదట చేపల్ని గడప దాటనివ్వలేదు. "వదినా, ఇవి మన తీరే. ఆకు తప్ప ఏదీ ముట్టవు" అని మరిది ఒట్టేసి చెప్పాక ఒప్పుకుంది. అది నిజమే. పాలకూర, పాచి తప్ప ఇంకోటి అడగదు ఆ జాతి. మార్త ఒకసారి ఉండబట్టలేక అడిగింది కూడా, "ఆకు తినేటోనికి కత్తెందుకు సావుకారీ?" అని. మల్లప్ప నవ్వాడు. నాగవ్వ నవ్వలేదు.

ఒప్పుకుందే గాని, చేప తిరిగే నీళ్ళలో చెయ్యి పెట్టేదెవరు? ఇంట్లోవాళ్ళు పెట్టరు. వంటింట్లో పనిచేసేవాళ్ళు పెడితే వంటింటికి పనికిరారు. అప్పటికి మార్త వాకిలి ఊడ్చి, పేడ ఎత్తి, గడప ఇవతలి నుంచే వెళ్ళిపోయే మనిషి. ధారూరు అవతల ఊరి బయటి వాడలో పుట్టిన క్రైస్తవురాలు. బావి చేద ఆమెది కాదు, కడవ ఆమెది కాదు. ఆమెను చూపించి నాగవ్వే తీర్పు చెప్పింది. "తాగే నీళ్ళు గావు గద. ముట్టుకుంటె ఏమైతది?"

అట్లా మార్త ఆ ఇంట్లో నీళ్ళు ముట్టింది. పక్క కొట్టం లోంచి తొట్టి గదికి ఒక తలుపు ఉంది. ఆ తలుపు గుండా రావాలి, ఆ తలుపు గుండానే పోవాలి. ఎదురుగా ఇంకో గడప ఉంది. దాని అవతల ఇల్లు. తొట్టిలో పోయడానికి కావలసిన బావినీళ్ళను కూడా ఎవరో ఒకరు తెచ్చి దూరం నుంచి ఆమె బకెట్లో పోసేవారు. పోసిన మరుక్షణం నుంచి అవి ఆమె నీళ్ళు. ఉప్పుకు వేళ్ళ సందులు పగిలి, గోళ్ళ చుట్టూ తోలు తెల్లబారి లేచిపోయేది. అయినా సరే, చెయ్యి ముంచినప్పుడల్లా నాగవ్వ మాట గుర్తొచ్చి లోపల ఎక్కడో చిన్నగా నవ్వుకునేది. ఆ ఇంట్లో తన చెయ్యి తగిలినా మైలపడనిది పటేలు ఒక్కడే.

తొట్టితో పాటు ఆమెకు నీడ కూడా దొరికింది. గాలి బుడగలు తీసే చిన్న మోటారు ఒకటి తొట్టి పక్కన గుర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. కరెంటు పోతే అది ఆగుతుంది. అది ఆగితే చేపకు ఊపిరి ఆడదు. అప్పుడు చెంబుతో తొట్టి నీళ్ళనే తీసి, ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలో పోస్తూ కూర్చోవాలి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు? అందుకని కొట్టంలోనే పండుకొమ్మన్నారు. తాగే నీళ్ళకు ఆమెకని వేరుగా ఒక సత్తు గిలాస ఇచ్చారు, తాగి చూరులో బోర్లించుకునేది. వాడలో ఆమె గుడిసె వానకు కూలితే, ఆ జాగలో ఆమె మరిది ఎప్పుడో మేకలు కట్టేసుకున్నాడు. ఈ కొట్టం పోతే ఆమెకు మిగిలేది గని. గనిలో బండ చెక్కలు ఏరడం. ఆమె మొగుడు ఏసుదాసును మింగింది ఆ గనే.

పాచి రుద్దడం అయిపోయే వేళకు మల్లప్ప వచ్చాడు. నుదుటి మీద విభూతి ఇంకా తడిగానే ఉంది.

"మార్తా, మెయిలుకు కొత్తది వస్తుంది."

మార్త చెయ్యి బయటికి తీసి కొంగుకు తుడుచుకుంది.

"ఏం మాట్లాడవేందే?"

"ఏం మాట్లాడాలె సావుకారీ. రానియ్యుండ్రి."

"రానిచ్చుడు గాదు, బతకాలె. ఈసారి గన్క వీడు చంపిండా, తొట్టి పలగ్గొట్టి బండలు బయట పారేస్త. మస్తు పరేషానైతుంది నాకు. వచ్చినోళ్ళందరు ఇంత పెద్ద తొట్టిల ఒక్క చేపనేనా అంటుండ్రు."

ఆ మాట ఊరికే అన్నది కాదని గొంతు చెబుతోంది. ఇప్పటిదాకా బొంబాయి నుంచి వచ్చినవి వచ్చినట్టే పోయాయి. పటేలు మొదట పక్కకు తిరిగి నిలబడి తన నిడివి చూపించేవాడు. రంగు ముదిరేది. తర్వాత తోక విసిరేవాడు. కొత్త చేప రాళ్ళ సందున దూరితే అక్కడికీ వచ్చేవాడు. పైకి పోతే పైకీ వచ్చేవాడు. తొట్టి అంతా వాడి వతనే, తాతల నాటి మాన్యమే. కొన్నాళ్ళు అడ్డంగా గాజు పలక నిలబెట్టి చూశారు. పలక తీసిన పూటే చారల చేప ఒకటి రెక్కలు పీలికలై మోటారు గొట్టం వెనక తేలింది. తమ్ముడు చెప్పాడని గడ్డం గీసుకునే అద్దాన్ని తొట్టికి ఆనించి పెట్టాడు మల్లప్ప. పటేలు తన నీడతోనే తాను కొట్లాడి అలిసిపోయాడు గాని, అద్దం తీయగానే అలసట మరిచిపోయాడు. చచ్చినవాటిని ఎత్తి బయట పూడ్చే పని మార్తదే. "పూడ్చినవా, కూర వండుకున్నవా?" అనేది నాగవ్వ గడప అవతల నుంచి. ఒకసారి మార్త నిజంగానే వండి చూసింది. చేదు విషం. పొయ్యి కింద బూడిదలో పారబోసింది. ఎవరికీ చెప్పలేదు.

మల్లప్ప వెనక్కి తిరిగాడు. తొట్టి పోతుంది, కొట్టం పోతుంది. మార్త నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"ఒక పని జేద్దాం సావుకారీ. పాతోన్ని బయటికి తీద్దాం."

"అంటే?"

"వాన్ని తీసి గోలెంల ఏద్దాం. రాళ్ళన్ని జాగలు మార్చి పెడదాం. అప్పుడు కొత్తదాన్ని ఇడుద్దాం. అది జర కుదురుకోని, ఇది నా ఇల్లే అనుకున్నంక వాన్ని మళ్ల తెద్దాం. అప్పటికి వాడు తన జాగ మర్శిపోతడు. పాతోడే కొత్తోడైతడు. పొగరు దిగుతది."

మల్లప్ప గడ్డం నిమురుకున్నాడు. "మంచిగనే ఉన్నది. ఎవలు చెప్పిండ్రే నీకు?"

"ఎవలు చెప్తరు. ఊకెనే అనుకున్న."

ఊకెనే అనుకున్నది కాదది. పోలీసు యాక్షన్ జరిగిన యేడు, ఊళ్ళో ఉండలేక మొగుడూ పెళ్ళాలు తాండూరు వచ్చి గనిలో చేరారు. పుట్టిన పిల్లలు ఇద్దరూ పాలు మరవకముందే పోయారు. ఏసుదాసు మంచి పనిమంతుడు. గాలి ఆడే పై పొర దగ్గర అతని జాగ. కొత్త కూలీలు వచ్చినప్పుడల్లా పాతవాళ్ళు "ఇది నా పొర" అని గడ్డపారలు ఎత్తేవారు. దానికి మేస్త్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. పాతవాళ్ళను కొన్నాళ్ళు వేరే గుంతకు పంపించడం, వాళ్ళ జాగల్లో కొత్తవాళ్ళను కుదర్చడం, ఆ తర్వాత పాతవాళ్ళను వెనక్కి పిలవడం. పిలిచేసరికి వాళ్ళే తల వంచుకుని ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడేవారు. ఏసుదాసును పంపిన గుంత లోతు గుంత, లేచిన దుమ్ము పైకి పోని గుంత. అతన్ని వెనక్కి పిలవడం మేస్త్రీ మరిచిపోయాడు. దగ్గులో నెత్తురు పడ్డాక కూడా గుర్తు రాలేదు. ఆ గని మల్లప్పదే. ఆయనకు మేస్త్రీ తెలుసు గాని ఏసుదాసు తెలియదు.

*

మెయిలు వచ్చిపోయింది. బండి తోలే ఈరయ్య తడి గోనెపట్టా చుట్టిన టిన్నును కొట్టంలో దించి, "జర పైలం, లోపట బొంబాయి దొరసాని ఉన్నది" అని నవ్వి వెళ్ళాడు.

పటేలును పట్టడానికి ఇంకో మనిషి కావాలి. నాగవ్వ భాగమ్మను పంపింది. దోమ ఊరి దిక్కు నుంచి వచ్చిన గొల్లల ఆడమనిషి. కొత్తగా కుదిరింది, వంటింటికి నీళ్ళు మోయడానికి. మొగుడు గొర్లతో పాటు ఎటో పోయి తిరిగి రాలేదని చెప్పుకుంటుంది. చంకలో పాలుతాగే ఆడపిల్ల. కొట్టం వాసానికి చీరతో ఉయ్యాల కట్టి పిల్లను అందులో వేసి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చింది.

"చెప్పు మార్తక్కా. ఏం పట్టాలె?"

"ఈ బట్ట ఆ కొసకు పట్టు. తోక దిక్కు చెయ్యి పెట్టకు. కోస్తడు."

"అబ్బ, ఇంతున్నది. మా పొట్టేలు కన్న ఎక్కువనా?"

"పొట్టేలు ముందటికెల్లి వస్తది. వీడు ఎనకకెల్లి వస్తడు."

భాగమ్మ పకపకా నవ్వింది. ఆ గదిలో అలా ఎవరూ నవ్వరు. మార్త ఉలిక్కిపడి లోపలి గడప వైపు చూసింది.

పటేలు సులువుగా దొరకలేదు. రాళ్ళ వెనక నుంచి రాళ్ళ వెనకకు తప్పించుకుంటూ, చివరకు మూల ఇరుక్కున్నాక బట్టను ఒక్క విసురున కోశాడు. ఆ కోతలోంచి జారేలోపే మార్త రెండు చేతులతో అదిమి పట్టుకుని, కొట్టంలో తొట్టి నీళ్ళు నింపి పెట్టిన మట్టిగోలెంలోకి జార్చింది. గోలెం ఇరుకు. వాడు ఒక్కసారి చుట్టూ తిరిగి, గోడకు మూతి తాకి ఆగాడు. నీలం రంగు చూస్తుండగానే పాలిపోయి బూడిద తేలింది.

తర్వాత రాళ్ళు. ఎడమ పక్క గుట్టను కుడికి, గుహలా ఉన్నదాన్ని విడదీసి రెండుగా. అన్నీ కదిపాక మార్త చేతులు ఆడించి వెనక్కి జరిగి చూసింది. ఇన్నేళ్ళు తానే కడిగిన తొట్టి తనకే గుర్తు దొరకలేదు.

కొత్త చేపను టిన్నులోంచి వెంటనే వదల్లేదు. తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా టిన్నులో పోసి, అలవాటు చేసి, అప్పుడు వదిలింది. కాఫీగింజ రంగు ఒళ్ళు మీద లేత చారలు. వీపు రెక్కా కడుపు రెక్కా ఒక్కసారి విప్పితే విసనకర్రంత అయింది.

"దొరసానే," అంది భాగమ్మ.

అంతలో ఉయ్యాలలోంచి ఏడుపు లేచింది. భాగమ్మ పరుగెత్తి పిల్లను ఎత్తుకుంది. రొమ్ము ఇస్తే పట్టలేదు. భుజాన వేసుకుని తట్టినా ఆగలేదు. వెనక్కి వంగి, మొహం కందిపోయి, ఊపిరి పట్టి ఏడుస్తోంది. మార్త అప్పటికి ఒలికిపోయిన తొట్టి నీళ్ళకు బదులు కలపడానికి ఉప్పు బస్తా విప్పి కూర్చుంది.

"దిష్టి తాకిందక్కా. పొద్దుగాల బావి కాడ అందరు చూసిండ్రు. జర ఉప్పియ్యి," అని భాగమ్మ చెయ్యి చాచింది.

మార్త గుప్పెట్లో ఉప్పు తీసింది. తీసి, అలవాటు కొద్దీ నేల మీద పెట్టబోయింది. ఉప్పు ఎవరూ ఎవరికీ చేతికివ్వరు. చేతికి చేతికి మారితే పోట్లాట వస్తుందని పుట్టిన పిల్ల కూడా చెబుతుంది. పైగా ఆ ఇంట్లో ఉప్పే కాదు, ఏదీ ఆమె చేతి నుంచి ఇంకో చేతికి పోదు. కింద పెట్టాలి, జరగాలి, వాళ్ళు తీసుకోవాలి.

"కింద పెడ్త, తీస్కో."

"కింద పెడితె మన్నయితది. బిడ్డ మొకం చుట్టు తిప్పేది. చేతిల పెట్టు, ఏం గాదు."

ఆ అరచెయ్యి అట్లాగే చాచి ఉంది. బిందెలు మోసి కందిన చెయ్యి, పాలచుక్క ఒకటి మణికట్టు దగ్గర ఆరుతోంది. ఆ ఇంటి కప్పు కింద ఒక మనిషి తన ముందు చెయ్యి చాచి ఎదురుచూడటం మార్తకు అదే మొదలు. పిల్ల ఏడుస్తోంది. తన ఇద్దరూ ఇట్లాగే ఊపిరి పట్టి ఏడ్చేవాళ్ళు. మార్త గుప్పెట తెరిచి ఆ చేతిలో ఉప్పు పెట్టింది. తన వేళ్ళు ఆ అరచేతికి ఆని, అవసరం కన్నా ఒక్క క్షణం ఎక్కువే ఆగాయి. వెచ్చగా, తడిగా ఉంది.

తల ఎత్తేసరికి లోపలి గడపలో నాగవ్వ నిలబడి ఉంది.

నాగవ్వ కేకలేయలేదు. మార్త వైపు చూడనైనా లేదు. "భాగీ, పిల్ల మీదికెల్లి తీసిపారేసి, చెయ్యి బూడిదతోని తోముకోని రా," అంది. గిర్రున తిరుగుతూ, ఎవరికి చెబుతున్నదో తెలియకుండా అంది, "ఉప్పు చేతికి చేతికి ఇచ్చుకుంటరా? ఇగ ఇద్దరికి ఒక్క సూరు కింద పొసగదు."

భాగమ్మ నాలుక కరుచుకుంది. పిల్ల చుట్టూ ఉప్పు తిప్పి, నీళ్ళలో వేసి, చేతికి బూడిద రాసుకుంటూ మార్త వైపు చూసి భుజాలెగరేసింది. పిల్ల ఏడుపు ఆపి ఎక్కిళ్ళలోకి దిగింది. ఉప్పు పనిచేసింది.

*

మధ్యాహ్నమంతా మార్త గోలెం పక్కన పీట వేసుకుని కూర్చుంది. మోటారు ఒకటే, అది తొట్టిని విడిచి రాలేదు. పటేలుకు గాలి ఆమె చెయ్యే. చెంబు ముంచి, తలెత్తు దాకా లేపి, సన్నని ధారగా వదలాలి. ధార నీళ్ళలో గుచ్చుకుని నురగ లేవాలి. మళ్ళీ ముంచాలి. కుడి చెయ్యి గుంజితే ఎడమ చెయ్యి. వాడు ధార పడే చోటికి వచ్చి, దాని కిందే నిలబడ్డాడు. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. అంతమందిని కోసినవాడు గోలెం గోడకు ఆనుకుని ఆమె చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు.

"చూసినవా," అంది మార్త. "గంతే పటేలా. జాగ మారితె గంతే."

తొట్టిలో దొరసాని మొదట గొట్టం వెనక నిలబడింది. కాసేపటికి బయటికి వచ్చి ఒక రాయిని కొరికి చూసింది. ఇంకో రాయి. మార్త వేసిన పాలకూర ఆకును పట్టి లాగింది. సాయంత్రానికి తొట్టి పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరికి తిరగడం మొదలుపెట్టింది.

మల్లప్ప గని నుంచి వచ్చి, లోపల నాగవ్వతో రెండు మాటలు మాట్లాడి, తొట్టి ముందు కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. మొహం విప్పారింది.

"బతికిందే."

"బతికింది సావుకారీ."

"నీ ఉపాయం బలే పనిచేసింది. నేను గని కాడ గిదే చెప్పిన అందరికి. పాతోన్ని తీస్తె గాని కొత్తోడు కుదురుకోడు అని."

మార్తకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. తొట్టి ఉంటుంది. గోలెంలో ఇంకోసారి ధార వదిలి, పైకి వినపడేలా అంది, "ఇగ ఫికర్ లేదు. వాన్ని నాలుగు దినాలు గిట్లనే కాపాడుకుంట. మోటారు లేకున్న నేనున్న."

మల్లప్ప గొంతు సవరించుకున్నాడు. లోపలి గడప దగ్గర గాజులు కదిలాయి.

"చెప్పిండ్రా ఉప్పు మాట?" అంది నాగవ్వ లోపలి నుంచి.

"ఆ, చెప్తున్న." ఆయన మార్త వైపు కాకుండా తొట్టి వైపే చూస్తూ మాట్లాడాడు. "వికారాబాద్‌ల మా చుట్టాల పిల్ల కాశమ్మ పురుడు పోసుకున్నది. బట్టలుతికే మనిషి లేక పిల్ల పరేషానైతుందట. నువ్వు జర పో. ఈ పాసింజరుకే పో. ఇక్కడ భాగి చూసుకుంటది. దానికి పిల్లున్నది, కొట్టంల ఉంటది. లోపటి నీళ్ళు మోస్తది, ఈ నీళ్ళు చూస్తది. మనిషి ఒక్కతే రెండు పనులకొస్తది."

"ఈ నీళ్ళల్ల చెయ్యి పెట్టినామె లోపటి నీళ్ళు ముట్టొచ్చునా?" అని అడిగింది మార్త. తానే అడిగిందా అని ఆమెకే ఆశ్చర్యమైంది.

జవాబు లోపలి నుంచి వచ్చింది. "కడుక్కుంటె పోతది. దాని మైల చెయ్యికే గద."

కొట్టంలో ధార ఆగిపోయింది. మార్త చెంబును ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్ని దినాలు సావుకారీ?"

"చూద్దాం తీయే. తొందరేమున్నది." మల్లప్ప నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. తనకు తోచిన పోలికకు మురిసిపోయిన నవ్వు. "నువ్వే అంటివి గద. పాతోడు జాగ మర్శిపోయేదాంక."

మార్త అలాగే ఆయన మొహం చూసింది. ఏసుదాసు పేరు నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన "ఎవలు?" అంటాడు. ఆ మాట వినే ఓపిక ఆమెకు లేకపోయింది. లేచి, తడి కొంగు పిండుకుని, సామాను సర్దుకోవడానికి కొట్టం లోపలి మూలకు పోయింది. సర్దుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. ఇంకో చీర, దువ్వెన, ఏసుదాసు కప్పుకున్న గొంగడి. మూట కట్టాక కూడా పొద్దు మిగిలింది.

భాగమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"నేను అడగలేదక్కా."

"నాకెర్క."

"ఉప్పు గూడ కావాల్నని..."

"ఎర్కనే అంటున్న గద."

పిల్ల మార్త మూట వైపు చెయ్యి చాచింది. భాగమ్మ తల ఎత్తి కొట్టం కప్పును ఒక మూల నుంచి ఇంకో మూలకు చూసింది.

"వానకు కురుస్తదా అక్కా గిది?"

మార్త మూట ముడిని బిగించింది. "పడమటి మూల కురుస్తది. బిడ్డను ఆ దిక్కు పండబెట్టకు."

తర్వాత గోలెం దగ్గరికి తీసుకుపోయి చెంబు ఎలా లేపాలో చూపించింది. "ఇంత ఎత్తు కెల్లి పొయ్యాలె. చప్పుడు రావాలె, నురగ లేవాలె. చప్పుడు రాకుంటె పోసినట్టు గాదు. ఆపకు. ఆపినవంటే మూతి పైకి పెడతడు. గట్ల పెట్టినంక ఇగ ఆశ లేదు." భాగమ్మ ఒక చేత్తో పిల్లను అదిమి, ఇంకో చేత్తో పోసి చూపించింది. బాగానే పోసింది. మార్త వంగి గోలెంలో చెయ్యి పెట్టింది. పటేలు వచ్చి వేళ్ళ సందున పగిలిన చోట కొరికాడు. ఆమె చెయ్యి తీసేసింది.

పొద్దు గూకకముందే పాసింజరు వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలో కింద కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకుంది. బండి ధారూరులో ఆగినప్పుడు దిగేవాళ్ళు ఆమె మీదుగా దాటుకుంటూ దిగారు. ఆమె పుట్టిన ఊరికి అక్కడే దిగాలి. ఆమెకు తెలిసినవాళ్ళెవరూ ఆ ప్లాట్‌ఫారం మీద లేరు. అరచేతులు మంట పుడుతున్నాయి. ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. బండి కదిలింది.

కొట్టంలో భాగమ్మ దీపాలు పెట్టే వేళ దాకా ధార పోసింది. తర్వాత పిల్ల ఏడ్చింది. పాలిచ్చి వచ్చి మళ్ళీ పోసింది. లోపలి నుంచి నీళ్ళకని పిలిచారు. చేతులు తోముకుని పోయి, బిందెలు నింపి, పిల్లను పండబెట్టి, ఒక్క క్షణం నడుం వాల్చింది. తెల్లవారి చూస్తే గోలెంలో పటేలు పక్కకు ఒరిగి ఉన్నాడు. నీలం రంగు అంతా పోయి, పసుపు రెక్క ఒక్కటే మిగిలింది. రెండు కత్తులూ బయటికే ఉన్నాయి. తొట్టిలో దొరసాని కుదురుగా ఉంది కాబట్టి మల్లప్ప పెద్దగా ఏమీ అనలేదు. "తమ్మునికి చెప్పి ఇంకోటి తెప్పిస్త," అన్నాడు.

కాశమ్మ ఇంట్లో పురుడు బట్టలు ఉతకడం అయిపోయింది. మార్తను వెనక్కి రమ్మని ఎవరూ కబురు పంపలేదు.

తర్వాత ఎప్పుడో కొట్టం కప్పు మరమ్మతు చేయిస్తుంటే నాగవ్వ గడప అవతల నుంచి చూరు వైపు చూసి, "భాగీ, అది తీసి పారేయరాదు?" అంది.

భాగమ్మ తలెత్తి చూసి, పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "నేను ముట్టుకుంటె మళ్ల లోపటికి నీళ్ళు తేనిస్తరా అవ్వా?"

నాగవ్వ ఆలోచించింది. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. తాటికమ్మకూ వాసానికీ నడుమ, మార్తకు దూరం నుంచి నీళ్ళు పోసి ఇచ్చిన సత్తు గిలాస బోర్లించినది బోర్లించినట్టే ఉంది. దాని మీద ఉప్పు ఆరిన నాలుగు వేళ్ళ గుర్తులు తెల్లగా.